పదిహేడో ఎక్కం, మొదటి నుంచి

మొన్న ఆదివారం కల్లూరులో మా మనవరాలి ఇంట్లో హాలు నిండా కాగితాలు పరిచి ఉంటే, కాలు పెట్టడానికి సందు లేక నేను గడప దగ్గరే పీట వేసుకుని అనపకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. మనవరాలంటే మా పెద్దకొడుకు కూతురు. బడిపిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఇంత కాగితం ఎందుకు తగలేస్తున్నావే అని అడిగితే తను చెప్పిన సంగతి ఇది. ఒక బడిలో ఆరో తరగతి పిల్లలు కంప్యూటర్ మీద బొమ్మలకు రంగులు వేసుకుంటూ ఉంటే, రెండు వీధుల అవతల ఇంకో బడిలో అదే ఆరో తరగతి వాళ్లు ఆ యంత్రం ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా రాసి దానిచేత చేయిస్తున్నారట. మూడో బడిలో కంప్యూటర్ గదికి వేసిన తాళం వేసినట్టే ఉందట. దాంతో బడి మారిన పిల్లలు కొందరు నేర్చుకున్నదే మళ్లీ నేర్చుకుంటూ ఆవలిస్తుంటే, కొందరు ఏమీ అర్థంగాక ఏడుస్తున్నారట. అందుకని తనూ, హాల్లో కాగితాల మధ్య కూర్చున్న ఇంకో నలుగురు టీచర్లూ కలిసి, ఏ తరగతిలో ఏ పాఠం చెప్పాలి, దేని తర్వాత ఏది రావాలి అని అన్ని బడులకూ ఒకటే వరుస కడుతున్నారు. నంద్యాల నుంచి వచ్చి ఏడో తరగతిలో చేరిన ఒక పాప కంప్యూటర్ పీరియడ్ వస్తే చాలు కడుపునొప్పి అంటుందట, ఆ పాపను చూసే ఈ పని నెత్తికెత్తుకున్నానని మనవరాలు చెప్పింది.

ఆ పాప మీద నాకు జాలి కలిగిందని రాస్తే మీకు బాగుంటుంది గానీ, నిజం అది కాదు. నాకు కుళ్లు పుట్టింది. ఎనభై దాటిన ముసలిదానికి ఏడో తరగతి పిల్ల మీద కుళ్లేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి. ఒక పిల్ల కడుపునొప్పికి చదువుకున్నవాళ్లు ఐదుగురు ఆదివారం సెలవు మానుకుని కూర్చోవడం నా కళ్లతో చూశాక, లోపల యాభైల నాటి మంట ఒకటి మళ్లీ రాజుకుంది. మనవరాలు ఒకవైపే అచ్చు వేసి పారేసిన కాగితాలు ఏరి పెట్టుకున్నాను, వాటి వెనకవైపునే ఇది రాస్తున్నాను. నేను బడికి పోయింది అంతా కలిపి నాలుగేళ్లు ఉండదు కాబట్టి అక్షరం వంకర పోతే సర్దుకోండి.

మాది నందికొట్కూరు దగ్గర ఒక పల్లె. జొన్న, కొర్ర, మేము బుడ్డలనే వేరుశనగ పండే ఎర్రనేల. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, పట్నంలో గుడారాలు వేసి ఆఫీసులు నడుపుతున్నారని మగవాళ్లు రచ్చబండ మీద చెప్పుకునేవారు గానీ, మా పల్లెలో మాత్రం సర్కారు బడి ఇంకా రాలేదు. ఒక ముసలి అయ్యవారు తన ఇంటి అరుగు మీద వీధిబడి నడిపేవాడు. మీలో అటువంటి బడిలో కూర్చున్నవాళ్లుంటే నేను చెప్పకుండానే తెలుస్తుంది, ఇసుకలో వేలితో దిద్దిన అక్షరాలు, పద్యాలు, ఆ తర్వాత ఎక్కాలు. ఎక్కం చెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, శ్రీరామ అని, ఒకట్ల దగ్గర మొదలుపెట్టి రాగం తప్పకుండా దిగుతూ రావాలి. నడిమధ్యలో పట్టుకుంటే ఎక్కం విరుగుతుందని అయ్యవారి నమ్మకం. మధ్యలో అడిగినా మొదటి నుంచే రావాలి. ఎగిరి దూకినవాళ్లకు మొట్టికాయ పడేది, మళ్లీ శ్రీరామ నుంచి మొదలు. పలక మీద జవాబు ఒక్కటే రాయాలి. లెక్క నడిచిన దారి పలక మీద కనిపించడం సిగ్గు, ఇల్లు ఊడ్చిన చెత్తను వాకిట్లోనే వదిలేసినట్టు.

ఆ అరుగు మీద ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ మా చిన్నాయన కూతురూ. నాకంటే ఆరు నెలలు చిన్నది, నన్ను అక్కా అనేది. ఒకే ఇంట్లో పెరిగాము, ఒకే తలెలో సంగటి తిన్నాము. నేను ఇరవై దాకా ఎక్కాలు, కాలు, అర, వీసం అనే భిన్నాల లెక్కలు అన్నీ ఒక్క వానాకాలంలో నోటికి పట్టేస్తే అది పన్నెండు దగ్గర ఏడ్చేది. దానికి పన్నెండో ఎక్కం నేర్పింది నేనే, గాదెల పక్కన కూర్చోబెట్టి, తప్పినప్పుడల్లా అయ్యవారి బదులు నేనే మొట్టికాయలు వేసి. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం ఎక్కువే వేశాను.

నాకు పదేళ్లప్పుడు చిన్నాయన బుడ్డల వ్యాపారం చూసుకుంటానని భార్యాబిడ్డలతో మైదుకూరు వెళ్లిపోయాడు. అక్కడ పెంకుటింట్లో సర్కారు బడి ఉండేది, చెల్లెలు అందులో చేరింది. ఏడాది తిరిగి వేసవికి పల్లెకు వస్తే అది మారిపోయి ఉంది. చేతిలో గుడ్డసంచి, అందులో అచ్చుపుస్తకాలు, పెన్సిలు, ఒక నోట్‌బుక్కు, ఆ నోట్‌బుక్కు మీద దాని పేరు, పేరు పక్కన బడి తెరిచాక కూర్చోబోయే నాలుగో తరగతి. నేను ఆ సంచీని ముట్టుకోలేదు. మా అమ్మ చూడవే చూడవే అంటే కసువు ఊడ్చాలని లేచిపోయాను. కానీ అది నిద్రపోయిన మధ్యాహ్నం వేళ ఆ పెన్సిలు తీసి వాసన చూశాను. అదేం వాసనో చెప్పలేను గానీ, ఈ వయసులో కూడా మనవరాలి పిల్లలు పెన్సిలు చెక్కితే నాకు ముందు కోపమే వస్తుంది.

అన్నం మానేశాను. నేనూ మైదుకూరు బడికి పోతానని మూడు పూటలు మొండికేస్తే, మా నాయన చివరికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. నాయన సంతకం వరకే చదివిన మనిషి, మాట మాత్రం రాతి మీద గీత. నాకప్పటికే పదకొండు నిండాయి. ఐదో తరగతి ముగిసేసరికి ఆడపిల్ల ఇంటికి రావాల్సిందేనని ఆయన లెక్క. అందుకని చెల్లెలు ఉన్న తరగతిలోనే నన్నూ కూర్చోబెడితే ఉండాలి.

"ఒక్క తరగతి తగ్గించినా, ఎక్కి పోయిన బస్సులోనే తిరుక్కొని రావల్ల," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఎక్కాలు రాని చెల్లెలే నాలుగులో ఉంటే నన్ను తగ్గించేదెవరు?

నాయనా, నేనూ బస్సులు మారి, నంద్యాల మీదుగా, దుమ్ము కొట్టుకుని మైదుకూరు చేరాము. అక్కడ మా బుడ్డల్ని చెనిక్కాయలంటారు. నేను బుడ్డలంటే వీధిలో పిల్లలు నవ్వారు, వాళ్ల మాటకు నేనూ నవ్వాను, రెండో పూటకల్లా ఇద్దరమూ కలిసి అవే తింటూ కూర్చున్నాము. పేరు వేరైనంత మాత్రాన కాయను ఎవరూ తక్కువ చేయలేదు. బడి దగ్గరికి వచ్చేసరికే ఆ న్యాయం లేకపోయింది.

మర్నాడు పొద్దున చిన్నాయన నన్ను తీసుకుపోయి హెడ్‌మాస్టరు ముందు నిలబెట్టాడు. నాలుగో తరగతి పిల్లలంతా, చెల్లెలితో సహా, ఎదురుగా బెంచీల మీద ఉన్నారు. ఆయన మంచివాడే, కళ్లద్దాలు పైకి జరుపుకుని, పదిహేడు ఆర్లు ఎంత అని నెమ్మదిగా అడిగాడు. నేను చేతులు కట్టుకున్నాను, కళ్లు మూసుకున్నాను, శ్రీరామ అన్నాను, పదిహేడు ఒకట్లు పదిహేడు, పదిహేడు రెళ్లు ముప్పైనాలుగు అని రాగం అందుకున్నాను. ఎక్కడో కిసుక్కుమని వినిపించింది.

"ఎక్కమంతా వద్దు పాపా, ఆరు దగ్గర ఎంతో అది చెప్పు," అన్నాడాయన.

ఆయన ఆపాడంటే నేనెక్కడో తప్పానని నాకు అర్థమైంది. మా అరుగు మీద ఆపడానికి వేరే కారణం ఉండదు మరి. ఈసారి ఇంకా భక్తిగా, ఇంకా నిదానంగా, శ్రీరామ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. బెంచీలన్నీ నవ్వాయి. ఆయన చెయ్యి ఎత్తాడు. నేను మూడోసారి మొదలుపెట్టాను. నూటరెండు అన్న మాట నా నాలుక చివరే ఉంది, ఒక్క మాట, దాన్ని ఉమ్మేస్తే చాలు. కానీ ఎక్కం విరగగొట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత పలక మీద ఒక భాగహారం ఇచ్చాడు. నేను కాసేపు కళ్లు మూసుకుని జవాబు ఒక్కటే రాశాను. ఆయన దాన్ని చూసి, ఇది ఎట్లా వచ్చింది, చేసి చూపించు అన్నాడు. చెత్త చూపించమంటాడేమిటని నేను ఊరికే నిలబడ్డాను. ఎవరిదో చూసి రాసిందనుకున్నాడు కాబోలు, పలక తుడిచి, చిన్నాయన వైపు తిరిగి, రెండో తరగతిలో కూర్చోబెడదాం, నెమ్మదిగా అందుకుంటుంది అన్నాడు. చెల్లెలు తల వంచుకుని బెంచీని గోకుతూ ఉంది.

మరో రెండు రోజులకు ఇంటికి తిరిగి వచ్చాము. చిన్నాయన ఊరికే పంపలేక ఒక మూట కాయలు నెత్తిన పెట్టి పంపించాడు. మా జేజి, అంటే నాయన తల్లి, ఆ మూటను చూసి, "చదువుకోను పోయి చెనిక్కాయలు తెచ్చిందిమే మా పిల్ల, బుడ్డలు పండే ఊరికి," అని వీధి వీధంతా వినబడేలా అంది. నెలరోజులు అదే మాట. నేను మాత్రం అందరికీ ఒకటే చెప్పాను, అక్కడ ఎట్లా అడుగుతారో, ఎట్లా చెప్పాలో చెల్లెలికి తెలుసు, ఏడాదిగా తెలుసు, అయినా నాకు ఒక్క మాట చెప్పలేదు, నేను తన పక్కన కూర్చోవడం దానికి ఇష్టం లేదు అని. మా అమ్మ నమ్మింది. నేను కూడా నమ్మాను. పెళ్లయి అత్తగారింటికి వచ్చాక కూడా, ఎవరైనా చెల్లెలి పేరెత్తితే ఈ ముక్క చెప్పకుండా వదిలేదాన్ని కాదు.

ఇప్పుడు ఈ కాగితాల మీద రాస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. అది చెప్పింది. ఆ పొద్దున తలలు దువ్వుకునేటప్పుడు, నా జడ అల్లుతూ చెప్పింది.

"అక్కా, ఆడ మొదట్నించీ చెప్పొద్దు. అడిగిన కాడికే చెప్పల్ల. శ్రీరామ కూడా అనొద్దు, నవ్వుతారు."

"నీకు ఎక్కాలు నేర్పించిందే నేను. నువ్వు నాకు చెప్పొచ్చేదేందిమే?" అన్నాను నేను.

అంతే. అది జడకు రిబ్బను కట్టేసింది.

కథ అక్కడితో అయిపోయినా బాగుండేది. కానీ నాకు ఇంకొక అవకాశం వచ్చింది, దాన్ని పాడు చేసుకోవడానికి మాత్రం ఎవరి సాయమూ అవసరం లేకపోయింది. దసరా సెలవులకు చిన్నాయన సరుకు పని మీద వస్తూ ఒక పుస్తకం తెచ్చాడు. నాలుగో తరగతి లెక్కల పుస్తకం, చెల్లెలిది. అందులో లెక్కలన్నీ అది ముందే చేసేసిందట, అక్కకు ఇవ్వమని పంపింది. వేసవి నాటికి ఈ పుస్తకం మొత్తం చేయగలిగితే, పరీక్ష పెట్టించి ఐదో తరగతిలో కూర్చోబెట్టిస్తానని చిన్నాయన నాయనతో మాట్లాడాడు. నాయన చాలాసేపు చుట్ట కాల్చి, సరే, చూద్దాం అన్నాడు. మా నాయన నోటి నుంచి చూద్దాం అన్న మాట రావడం ఎంత గొప్ప సంగతో మీలో అటువంటి తండ్రులున్నవాళ్లకు తెలుస్తుంది.

ఆ పుస్తకం తెరిస్తే మొదటి పేజీ మీద దాని పేరు. లోపల ప్రతి లెక్క పక్కనా పెన్సిలుతో అది చేసిన జవాబు, ఒకదాని కింద ఒకటి మెట్లుమెట్లుగా. ఎంత తిప్పినా దాని చేతిరాతే. నేను కొత్తగా చేయడానికి అందులో ఏమీ మిగల్చలేదనిపించింది. దాని పాత పావడాలు నేనెప్పుడూ కట్టలేదు, పెద్దదాన్ని కాబట్టి. నావే అది కట్టేది. ఇప్పుడు దాని విడిచిన పుస్తకం నాకా అనుకున్నాను. అయినా ఒకసారి అయ్యవారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రెండు పేజీలు తిప్పి, ఆ మెట్ల వరసలు చూసి నవ్వాడు.

"మెట్లు లెక్కబెట్టుకుంటా పోయేటోడు మిద్దె ఎప్పుడెక్కల్ల?" అన్నాడు.

ఆ మాట నాకు ఎంత చల్లగా తగిలిందో. ఆయన గొప్ప లెక్కలవాడు, ఆ పద్ధతి ఆయనకు తెలియదంతే. ఆ సంగతి నాకు ఆనాడే లోపల తెలుసు. కానీ తెలియనట్టు ఉండడమే నా కుళ్లుకు అనుకూలంగా ఉండింది. ఇంటికి వచ్చి ఆ పుస్తకాన్ని అటక మీద పడేశాను. సంక్రాంతి పోయాక చింతపండు కొట్టి నిలవ చేసేటప్పుడు కాగితం కావలసి వచ్చింది. మా ఇంట్లో కాగితం అంటే బంగారం. నేనే అటకెక్కి పుస్తకం దించి, వెనకనుంచి ఒక్కో పేజీ చించి, చింతపండూ, ఇంగువా, మెంతులూ పొట్లాలు కట్టాను. పొదుపైన పిల్ల అని జేజి మెచ్చుకుంది. అది నా జీవితంలో నాకు దొరికిన మొదటి మెప్పు, అందుకే కాబోలు ఈనాటికీ కాగితం పారేయలేను.

ఎండాకాలం వచ్చింది, చిన్నాయన వాళ్లు వచ్చారు. మా అమ్మ చారు పెట్టడానికి చెల్లెలిని మెంతుల పొట్లం తెమ్మంది. అది పొట్లం విప్పి, కాగితం మడతలు సాపు చేసి చూసింది. నేను పొయ్యి దగ్గర రొట్టె తడుతున్నాను.

"అక్కా, ఇది భాగహారం పాఠం గదా. ఇంత దూరం వచ్చేసినావా అప్పుడే?" అంది.

దాని మొహంలో ఎగతాళి లేదు. చదివేసిన పేజీలు చించి వాడుకుంటున్నాననుకుంది. మా ఇంటి పొదుపు దానికీ తెలుసు కదా, ఇంకేం అనుకుంటుంది? "వచ్చేసినా," అన్నాను. అది ఎగురుకుంటూ వాకిట్లోకి పోయి, అక్క నాకంటే ముందుండాది పెదనాయనా అని నాయనకు చెప్పింది. నాయన మమ్మల్నిద్దరినీ పిలిచి పలక తెమ్మన్నాడు. ఆయనకు లెక్కలు రావు, అది సరిపోయిందంటే సరిపోయినట్టు. చెల్లెలే భాగహారం వేసింది. నేను కళ్లు మూసుకుని, జవాబు ఒక్కటే రాశాను.

అది పలక చూసింది, నన్ను చూసింది. జవాబు సరైనదే, కింద ఒక్క మెట్టు కూడా లేదు. ఆ పుస్తకం నేను చదవలేదని ఆ క్షణంలో దానికి తెలిసిపోయింది, దానికి తెలిసిందని నాకూ తెలిసింది.

"సరిగ్గా ఉండాది పెదనాయనా. పంపీ అక్కను," అంది.

నేను నోరు మూసుకుని ఉంటే చాలు. నాలుగు రోజులు ఆ మెట్లు అది నాకు నేర్పేది, వారంలో నేను దానికంటే బాగా చేసేదాన్ని, ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఇన్నేళ్లలో ఎన్ని వందలసార్లు ఆ వాకిట్లో నా నోరు నేనే మూసుకున్నట్టు ఊహించుకున్నానో. కానీ అది నన్ను కనికరిస్తూ ఉంది, పన్నెండో ఎక్కం రాక నా చేత మొట్టికాయలు తిన్నది. నాకు దక్కని బడికి దాని దయతో పోవడం కంటే పోకుండా ఉండడమే మేలనిపించింది.

"నేనేం చదవలేదు నాయనా. ఆ పుస్తకం చించి పొట్లాలు కట్టినా," అన్నాను.

నాయన తిట్టలేదు. పలక చెల్లెలి చేతికి ఇచ్చేశాడు.

"పెనం మీద రొట్టె మాడుతాండాది, పో," అన్నాడు.

నా చదువుకు ఆయన చెప్పిన ఆఖరి మాట అది.

ఆ తర్వాత చెల్లెలు ఎనిమిది దాకా చదివింది, ఆ దశాబ్దం ముగిసే నాటికి కడపలో టీచరు ట్రైనింగులో ఉంది. నాకు అప్పటికి పెళ్లయింది. ఒకసారి పండక్కి తెల్లచీర కట్టుకుని, నల్లగొడుగు వేసుకుని వచ్చింది. ఆ గొడుగును చూసి నాకు పుట్టిన ఓర్వలేనితనం ఎవరి నగలు చూసీ పుట్టలేదు. ఎండ ఎవరికైనా ఒకటే, గొడుగెందుకని ఎత్తిపొడిచాను. అది నవ్వి, ఇద్దరికీ నీడ పట్టేలా నా వైపు వంచింది. నేను పక్కకు జరిగాను. ఇప్పుడు కడపలో కొడుకు దగ్గర ఉంటుంది, అప్పుడప్పుడూ ఫోను చేస్తుంది, ఆరోగ్యం అడుగుతుంది. ఆ వాకిలి సంగతి అది ఏనాడూ ఎత్తలేదు. అందుకు కూడా నాకు దాని మీద మంటే.

మనవరాలికి ఇదంతా చెప్పలేదు. ఒక్కటి మాత్రం అడిగాను, కొత్తగా వచ్చిన పిల్లకు ఏమొచ్చో మీకెట్లా తెలుస్తుందని. చిన్న పరీక్ష పెడతామవ్వా, అది కూడా అన్ని బడుల్లో ఒకటే ఉంటుంది అంది. పరీక్ష పెట్టే ముందు, మీ పాత బడిలో ఎట్లా చెప్పేవాళ్లో అట్లానే చెప్పమ్మా అని అడగండి, ముగిసేదాకా ఆపకండి అన్నాను. అది పెన్సిలు తీసుకుని ఒక కాగితం అంచున ఏదో రాసుకుంది. నేను చెప్పిందో, ఇంకేదైనానో అడగలేదు.

మా అయ్యవారి అరుగు ఎప్పుడో కూలిపోయింది, కళ్లు మూసుకుని ఎక్కం పాడే పిల్లలు ఇప్పుడు ఎక్కడా లేరు, వీసం అంటే ఏమిటో మనవరాలికే తెలియదు. పోతే పోనీ. ఏ ఊరి పిల్లైనా ఏ ఊరి బడిలోనైనా అడుగుపెట్టి, నిన్న ఆగిన పాఠం దగ్గరే ఈరోజు మొదలుపెట్టే కాలం వస్తోంది, అది మంచిదేనని ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది గానీ ఒప్పుకుంటున్నాను. ఆ నంద్యాల పాప వచ్చే ఏడు ఎనిమిదో తరగతిలో కూర్చుంటుంది. పాఠం అర్థమవుతుంది, కడుపునొప్పి పోతుంది, పక్కపిల్లతో కబుర్లు చెప్పుకుంటుంది. తన కోసం ఇంతమంది కూర్చుని ఆలోచించారని దానికి ఎవరూ చెప్పరు, చెప్పినా అది పట్టించుకోదు. బడిలో తన చోటు తనకు ఉండడం గాలి పీల్చుకున్నంత మామూలు సంగతి అనుకుంటుంది. నాకు దాని మీద కుళ్లు అక్కడే.